కలబంద మట్టలో రెండు మందులు

కలబంద మట్టను మొదట్లో కోయగానే పసుపుపచ్చని చేదు రసం కారుతుంది. వేలికి అంటితే ఓ పట్టాన వదలదు. అది తొక్కకు ఆనుకునే ఉండే సన్నని నాళాల్లోంచి వస్తుంది. తొక్క పూర్తిగా తీశాక కనిపించే తెల్లని గుజ్జు సంగతి వేరు. అందులో 98 శాతానికి పైగా నీరే, మిగతాది చాలావరకు జిగురు పదార్థం. పసుపు రసంలో ఉండే అలోయిన్ గట్టి విరేచనకారి. అంటే ఒకే మట్టలో ఒంటికి చలవచేసేదీ ఉంది, పేగుల్ని మెలిపెట్టేదీ ఉంది. మన పెద్దవాళ్ల కలబంద వైద్యంలోని నేర్పంతా ఈ రెంటినీ విడదీయడంలోనే ఉంది.

అందుకే మట్టను తొక్కతో సహా మిక్సీలో వేసుకుని పరగడుపున తాగేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. పాత పద్ధతిలో కోసిన వైపు కిందికి ఉండేలా మట్టను ఏటవాలుగా నిలబెట్టి, రసం కారడం ఆగేదాకా వదిలేస్తారు. తర్వాత అంచుల్లోని ముళ్లు చెక్కి, తొక్క తీసి, గుజ్జును ముక్కలు కోసి, నీళ్లు మారుస్తూ కడుగుతారు. ఏడుసార్లు కడగమంటారు. చేదు మిగలకూడదన్నదే అందులోని ఉద్దేశం.

వంటింట్లో చెయ్యి చురుక్కుమంటే ముందు చన్నీళ్ల ధార కింద పెట్టి, ఆ తర్వాత ఈ గుజ్జు రాయడం మంచి అలవాటే. 1935లో అమెరికాలో ఇద్దరు వైద్యులు ఎక్స్‌రే కిరణాల వల్ల దెబ్బతిన్న చర్మానికి తాజా కలబంద మట్టతో చికిత్స చేసి, ఆ ఫలితాన్ని ప్రచురించారు. ఆధునిక వైద్యం దీనివైపు చూసింది ఎక్కువగా అప్పటినుంచే. లోతుగా కాలినా, బొబ్బలు చితికినా మాత్రం ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

తలనూనె కాచడం ఇంకా ఓపికైన పని. గుజ్జును కొబ్బరినూనెలోనో నువ్వుల నూనెలోనో వేసి సన్నని సెగమీద ఉంచాలి. మొదట చిటపటలు, నురగ. నీరు ఇగిరేకొద్దీ చప్పుడు తగ్గుతుంది. అడుగున మిగిలిన పిప్పిని కాస్త తీసి వేళ్లమధ్య నలిపితే వత్తిలా రావాలి. దాన్ని మంటకు చూపిస్తే చప్పుడు లేకుండా అంటుకోవాలి. చిటపటమందంటే తడి ఇంకా ఉందన్నమాట. ఆ తడితోనే దించితే నూనె నిలవుండదు. ఆయుర్వేదంలో తైలాలన్నిటికీ చేసే పాక పరీక్ష ఇదే. చెవితో, వేళ్లతో ఇంత కచ్చితంగా పాకం పట్టడం ఎంత గొప్ప విద్యో!

వేరుచేసిన పసుపు రసాన్నీ వృథా పోనివ్వలేదు. దాన్ని కాచి ఆరబెడితే నల్లని, పెళుసైన ముసాంబరం అవుతుంది. మూలికల కొట్లో గడ్డలుగా దొరుకుతుంది. కాలు బెణికితే దీన్ని గుడ్డు తెల్లసొనతో నూరి, వాపుమీద పట్టు వేస్తారు. ఆరేకొద్దీ అది బిగుసుకుని కీలును కదలనివ్వదు. పాలు మాన్పించడానికి తల్లులు రొమ్ముకు రాసుకున్నదీ ఈ చేదునే. అయితే బిడ్డ కడుపులోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆ పని ఇప్పుడు వద్దు.

ఆగిన బహిష్టు రావడానికి ఆయుర్వేద వైద్యులు ఇచ్చే రజఃప్రవర్తని వటిలోనూ ముసాంబరం ఉంటుంది. గర్భిణులు దాని జోలికి పోకూడదన్నది అందుకే. కలబంద రసంతో చేసిన విరేచన మందులకు తయారీదార్లు భద్రతా ఆధారాలు చూపలేకపోవడంతో, చీటీ లేకుండా వాటిని అమ్మడాన్ని అమెరికా 2002లో ఆపేసింది. కిడ్నీ జబ్బున్నవాళ్లు, రోజూ మందులు వాడేవాళ్లు కలబందను లోపలికి తీసుకునే ముందు వైద్యుణ్ని అడగాలి.