ఇంజన్ కూర్చునే తీరు

కువైట్‌లోని షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాలో పాత కారుకు వేరే ఇంజన్ ఎక్కిస్తున్నారంటే నా కాళ్లు అక్కడే ఆగిపోతాయి. అందులోనూ రాజంపేట, రాయచోటి వైపు మెకానిక్‌లు తగిలితే ఇక ఆ శుక్రవారం అక్కడే తెల్లారినట్టు. చూడవచ్చినవాళ్లు ఎన్ని సిలిండర్లు, ఎంత హార్స్‌పవర్ అని అడుగుతారు. నేను మాత్రం కిందికి వంగి మౌంటింగులు చూస్తాను. ఇలా సొంతంగా కట్టుకున్న ‘స్పెషల్’ ఏళ్ల తరబడి తిరుగుతుందా, నెలల్లో మూలపడుతుందా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

తొలినాళ్లలో ఇంజన్‌ను నేరుగా చాసీకే బోల్టులతో బిగించేవారు. గుంతలో పడ్డప్పుడల్లా ఆ చాసీ మెలితిరిగేది. నాలుగు మూలలా బిగించిన ఇంజన్‌లో ఆ మెలికంతా క్రాంక్‌కేసు మీద పడి, దాని అల్యూమినియం చెవులు విరిగేవి. అందుకే మూడుచోట్ల బిగించే పద్ధతి వచ్చింది. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కుదురుగా నిలుస్తుంది కదా! 1931లో క్రైస్లర్ వాళ్లు ప్లిమత్ కారులో ‘ఫ్లోటింగ్ పవర్’ తెచ్చారు. ముందు ఎత్తులో ఒక రబ్బరు, వెనక కిందుగా ఒకటి. రెండింటినీ కలిపే గీత ఇంజన్ గరిమనాభి మీదుగా పోతుంది. నాలుగు సిలిండర్ల వణుకు లోపల కూర్చున్నవాళ్లకు బాగా తగ్గిపోయింది. మరుసటి ఏడాదే అది సిత్రోయెన్ కార్లలోకీ వచ్చింది.

రబ్బరు పెట్టగానే పని అయిపోదు. ఇంజన్ కదులుతుంది కనుక దానికి తగిలించినవన్నీ కదలాలి. గట్టిగా బ్రేకు వేస్తే ఇంజన్ ముందుకు జరిగి, ఖాళీ చాలకపోతే ఫ్యాను రేడియేటర్‌ను కోసేస్తుంది. సైలెన్సర్ పైపులో వంగే జాయింటు లేకపోతే మానిఫోల్డు పగలవచ్చు. యాక్సిలరేటర్ రాడ్డు ఇరుక్కుంటే ప్రాణానికే ముప్పు. రబ్బరు కరెంటును పోనివ్వదు కాబట్టి ఇంజన్‌కూ చాసీకీ మధ్య లావుపాటి ఎర్తు వైరు వేయాల్సిందే. లేకుంటే స్టార్టర్ కరెంటు క్లచ్ కేబుల్ గుండా దారి వెతుక్కుని దాన్ని మాడ్చేస్తుంది.

ఇక్కడి ఎండ సంగతి వేరే చెప్పాలా? 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. వేడికి రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది, ఆయిల్ కారితే ఉబ్బి మెత్తబడుతుంది. అది కుంగితే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి యూనివర్సల్ జాయింట్లు ముందే అరుగుతాయి. ఇంజన్ బోరింగుకు ఖర్చుపెట్టేవాళ్లు రెండు రబ్బరు ముక్కల దగ్గర వెనకాడటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

షెడ్డుల్లో పనిచేసే మన తమ్ముళ్లకు నా మనవి ఒక్కటే. కారు యజమాని ఎంత తొందరపెట్టినా, కొలతలు తీసి మౌంటింగులు ఎక్కడ పడతాయో తేల్చుకోకుండా వెల్డింగు మొదలుపెట్టకండి. వేసవి దాటగానే ఆ రబ్బర్లు మరోసారి చూడండి.