ఆటగాళ్ల చిరునామాలు

రెండేళ్ల కిందట ఒక ఉదయం లేచి చూస్తే ఆన్‌లైన్ స్టోర్‌లో మేం తయారుచేసిన గేమ్ లేదు. ఏదో నిబంధన మీరామంటూ రెండు లైన్ల ఈమెయిల్ వచ్చింది. ఏ నిబంధనో అందులో లేదు. పదకొండు రోజుల తర్వాత, వివరణేమీ లేకుండానే మళ్లీ పెట్టారు. అమ్మకాలు పోయిన బాధ కంటే ఇంకోటి నన్ను ఎక్కువ కలచివేసింది. గేమ్ కొన్నవాళ్లు వేలమంది ఉన్నా, "కంగారు పడకండి, మేమెక్కడికీ పోలేదు" అని ఒక్కరికీ చెప్పుకునే దారి లేదు. వాళ్ల ఈమెయిళ్లన్నీ స్టోర్ చేతిలోనే ఉన్నాయి. కిరాణా కొట్టు నడిపిన మా నాన్నకు ఖాతా పుస్తకంలో ప్రతి మనిషీ ఇంటిపేరుతో సహా తెలుసు.

ఆటగాళ్లతో అలా నేరుగా బంధం పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలో టార్న్, జాక్ ఆడమ్స్ అని అన్నదమ్ములున్నారు. 2006లో 'డ్వార్ఫ్ ఫోర్ట్రెస్' అనే గేమ్‌ను సొంత వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టారు. తెర నిండా అక్షరాలూ గుర్తులే. ఇష్టపడ్డవాళ్లు డబ్బు పంపేవారు. అలా పంపినవాళ్ల కోసం అన్నదమ్ములు క్రేయాన్లతో ఒక బొమ్మ గీసేవారు, లేదా చిన్న కథ రాసేవారు. ఏళ్ల తరబడి ఇల్లు ఆ చందాల మీదే గడిచింది. జాక్‌కు చర్మ క్యాన్సర్ వచ్చాక ఆస్పత్రి ఖర్చుల భయం పట్టుకుంది. 2022 డిసెంబరులో గ్రాఫిక్స్ చేర్చి స్టీమ్ అనే పెద్ద గేమ్ స్టోర్‌లో అమ్మకానికి పెడితే లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. కొన్నవాళ్లలో పాత అభిమానులెందరో! ఉచిత గేమ్‌ను మాత్రం తమ సైట్ నుంచి తీసేయలేదు.

అందుకే పెద్ద స్టోర్ వద్దని నేననను. స్టీమ్ మామూలుగా 30 శాతం పట్టుకుంటుంది, కానీ జనం ఉన్నది అక్కడే. ఇచ్ డాట్ ఐఓ అనే మరో స్టోర్‌లో కమీషన్ ఎంతో మనమే నిర్ణయించుకోవచ్చు, సున్నా పెట్టినా ఒప్పుకుంటారు. అంత ఉదారమైన ఇచ్ కూడా 2025 జులైలో పేమెంట్ సంస్థల ఒత్తిడితో పెద్దలకు మాత్రమే అనే గేమ్‌లను వెతికినా దొరక్కుండా చేయాల్సి వచ్చింది. స్టోర్ మారినంత మాత్రాన బెంగ తీరదని అప్పుడు నాకు బాగా అర్థమైంది.

ఇప్పుడు మా గేమ్ మొదటి తెర మీదే 'మాకు రాయండి' అనే బటన్ ఉంది. ఇష్టమైనవాళ్లు ఈమెయిల్ ఇస్తారు. నెలకోసారి, ఏం చేస్తున్నామో నేనే కూర్చుని ఉత్తరం రాస్తాను. ఇప్పటికి 412 మంది ఉన్నారు. పోయిన వారం తెనాలి నుంచి ఒకాయన, మూడో లెవెల్లో బావి పక్క తలుపు తెరుచుకోవట్లేదు, మా పాప ఏడుస్తోందని రాశారు. రాత్రికి సరిచేసి ఫైల్ నేరుగా ఆయనకే పంపాను. పొద్దున్నే జవాబొచ్చింది, తలుపు తెరుచుకుందట.