కొంగుముడి: వస్త్రసంబంధి జాతీయాల్లో ముఖ్యార్థం

తెలుగులో చొక్కా చేతికి వేరే పేరు లేదు. అవయవం పేరే దానికీ పేరు. ఆంగ్లంలో 'స్లీవ్'కు సొంత పేరూ ఉంది, దానిమీద పుట్టిన పలుకుబడులూ ఉన్నాయి. మధ్యయుగపు ఇంగ్లండులో దుస్తుల చేతులను విడిగా తొడిగి కట్టుకోవడం ఉండేది. వెడల్పాటి చేతుల్లో చిన్న వస్తువులు దాచుకొనేవారు. అందుకే అక్కడ ఉపాయం 'చొక్కా చేతిలో' దాగి ఉంటుంది. 'ఒథెల్లో'లో ఇయాగో హృదయాన్ని చొక్కా చేతిమీద ధరించడం గురించి మాట్లాడతాడు. ఉర్దూలో ద్రోహి 'ఆస్తీన్‌లోని పాము'. మనకు మాత్రం అతడు 'పక్కలో బల్లెం'.

తెలుగువారికి కుట్టుడు దుస్తులు తెలియవని కాదు. కుప్పసం, కూర్పాసం పాత పదాలే. లేపాక్షి కుడ్యచిత్రాల్లో పొడుగు చేతుల అంగీలు కనిపిస్తాయి. అయితే శ్రీనాథునిదిగా ప్రచారంలో ఉన్న చాటువులో కర్ణాట రాజసభ కోసం తొడిగిన కూర్పాసం కవి పడిన పాట్లలో ఒకటి! సభ కోసం వేసిన వేషంలోంచి జాతీయం పుట్టదు, నిత్యం చేయి తడిమే చోటునుంచి పుడుతుంది. మనకు ఆ చోటు కొంగు, రొంటి, ఒడి.

'కొంగున ముడివేసుకొను', 'కొంగుబంగారం' వంటివాటిని రూఢిలక్షణగా వర్గీకరించి వదిలేయడం తొందరపాటు. ముఖ్యార్థం వాడుకలోంచి తప్పుకున్నప్పుడే రూఢి. బొబ్బిలి సంతలో కూరగాయలమ్మే స్త్రీ చిల్లరను కొంగున కట్టి, చుట్టను రొంటిన దోపుకొన్నంతకాలం ఆమె నోట ఆ మాటకు రెండర్థాలూ సజీవమే. అదే మాట తరగతి గదిలో విద్యార్థికి నిఘంటువు చెప్పే భావమాత్రం. 1757 బొబ్బిలి యుద్ధగాథతో ముడిపడిన విజయనగరం పైడితల్లిని పత్రికలు 'ఉత్తరాంధ్ర కొంగుబంగారం' అంటాయి. పైడి అంటేనే బంగారం; ఆ పునరుక్తిని ఎవరూ గమనించకపోవడమే రూఢికి సరైన ఉదాహరణ.

ముడి ఒక్కటే అయినా విలువ ఒక్కటి కాదు. కొంగున కట్టినది నాణెమైతే జాగ్రత్త, దైవమైతే భాగ్యం, మొగుడైతే నింద. 'మొగుణ్ణి కొంగున కట్టేసుకుంది' అన్న మాటలోని ఆక్షేపణను స్త్రీల జాతీయాల పరిశీలనలో హాస్యంగా సరిపెట్టడం న్యాయం కాదు. కొంగు అంటే చీర చెరగే కాదు, ఏ వస్త్రపు అంచైనా కొంగే. పెళ్లిలో వేసే కొంగుముడిలో వధువు చీర చెరగుతోపాటు వరుని ఉత్తరీయపు అంచూ ఉంటుంది. జాతీయం ఆ రెండో కొసను మరచిపోయింది.