గాటు నేర్చిన చెయ్యి, కాపలా పెట్టిన కొండ

అంతరించే చెట్లను కాపాడటానికి ఊరివాళ్లకు శిక్షణ ఇచ్చామని రాయని నివేదిక ఉండదు. ఏం నేర్పారు, నేర్చుకున్నవాడికి ఏం గిట్టింది అన్నవి మాత్రం అందులో వెతికినా దొరకవు. ఈ రెండు ప్రశ్నలూ పెట్టుకుని తపసి చెట్టునీ, ఎర్రచందనాన్నీ చూద్దాం. రెండూ మన తూర్పు కనుమల రాతి కొండల మీద పెరిగేవే, రెండూ మనిషి గొడ్డలికి తగ్గిపోయినవే. ఒకదాని దగ్గరికి చేతికి ఉలి ఇచ్చి మనిషిని పంపారు. రెండోదాని దగ్గరికి తుపాకీ ఇచ్చి పంపారు.

తపసిది తెల్లటి నున్నటి బెరడు. ఆకు రాలిందంటే చచ్చిందేమో అనిపిస్తుంది. గాటు పెడితే కారే బంక కట్టుడు పళ్లను అతికించే పొడి నుంచి మలబద్ధకం మందు దాకా పనికొస్తుంది, విదేశాలకు పోతుంది. నల్లమల చెంచులకూ, మన్యం గిరిజనులకూ అది ఎండాకాలపు రాబడి. పాత పద్ధతిలో గొడ్డలితో లోతుగా నరికేవారు. దెబ్బ బెరడు దాటి కట్టెలోకి దిగేది. గాయం మానక పుచ్చు పట్టేది, గాలివానకు చెట్టు సరిగ్గా అక్కడే విరిగేది. బంక కిందపడి మట్టీ, బెరడు పెచ్చులూ అంటుకునేవి. కొనేవాడు దాన్ని తక్కువ రకం కింద కట్టేవాడు. చెట్టూ దక్కలేదు, ధరా దక్కలేదు.

1990లలో గిరిజన సహకార సంస్థ, హైదరాబాద్ శాస్త్రవేత్తలు, బంక ఏరేవాళ్ల కోసం విశాఖలో ఏర్పడ్డ కోవెల్ ఫౌండేషన్ నేర్పిన పని చూడటానికి చిన్నదే. సన్న మానుల జోలికి పోవద్దు. గొడ్డలి పక్కన పెట్టి, పదునైన చిన్న పనిముట్టుతో బెరడు వరకే పలచగా లేపాలి. కొన్ని రోజులకోసారి గాటు అంచును కొద్దిగా చెక్కి తాజా చేయాలి. కారిన బంకను నేలపాలు కానివ్వకూడదు. అంటుకున్న పెచ్చును పచ్చిగా ఉన్నప్పుడే గిల్లేయాలి. ఆరబెట్టాక తెల్లదాన్నీ ఎర్రదాన్నీ కలపకూడదు. వీటిలో ప్రకృతి పరిరక్షణ గురించి ఉపన్యాసం ఒక్కటీ లేదు, ఉన్నదంతా చేతిపనే. తెల్ల బంకకు మంచి ధర కట్టారు కాబట్టే ఆ చేతిపని నిలిచింది. ఇందులో శిక్షకుల కన్నా తక్కెడదే పెద్ద పాత్ర అని నా అభిప్రాయం.

ఎర్రచందనం సంగతి వేరు. శేషాచలం, పాలకొండలు, వెలికొండలు, లంకమల, వాటిని ఆనుకున్న అడవులు దాటితే అది సహజంగా పెరిగే చోటు దాదాపు లేదు. విలువంతా చేవలో ఉంది, చేవ కావాలంటే మాను పడాల్సిందే. అందుకే మన ప్రయత్నమంతా కాపలా చుట్టూ తిరిగింది. 1995లో అంతర్జాతీయ వాణిజ్యంపై, అంతరించే జాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం కింద ఆంక్షలు వచ్చాయి. 2010లో శేషాచలం జీవావరణ రిజర్వు అయింది. 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలంలో పోలీసు కాల్పులకు తమిళనాడు కూలీలు 20 మంది చనిపోయారు. ఆ మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ తన అటవీ చట్టాన్ని ఇంకా బిగించింది. ఇంత జరిగినా, 2018లో అంతరించే జాతుల అంతర్జాతీయ ఎర్ర జాబితాలో రెండు మెట్లు దిగిన ప్రమాదస్థాయి కొన్నేళ్లకే మళ్లీ పైకెక్కింది. గొడ్డలిపని తెలిసిన కొండవాళ్లను వెతికి పట్టుకుని కూలి కట్టింది స్మగ్లర్లు. ఆ నైపుణ్యానికి అదే చెట్టు మీద చట్టబద్ధమైన పని చూపాలన్న ఆలోచన మన వైపు నుంచి రాలేదు.

బంక చెట్టుకూ కలప చెట్టుకూ పోలికేమిటని ఎవరైనా అడగొచ్చు. అడగదగ్గ మాటే. కానీ ఏటికొప్పాక లక్కబొమ్మల వాళ్లు బతికేది అంకుడు కర్ర మీదే కదా. కొట్టిన మోడు మళ్లీ చిగురించే చెట్టది. దాన్ని నరుక్కుని బతికేవాళ్లకే అది అందుబాటులో ఉండాలన్న పట్టింపు ఎక్కువ. నరకడమే నేరమన్న చోట అలాంటి పట్టింపు పుట్టే వీలే లేదు.

2019లో పట్టా భూముల్లో పెంచిన ఎర్రచందనం ఎగుమతికి దారి తెరిచారు. శిక్షణకు అసలు చోటు అక్కడే ఉంది. గట్టి కాయ నుంచి మొలక తీయడం, మొక్క పెంచడం నర్సరీల వాళ్లకు బాగానే పట్టుబడింది. ఆ తర్వాతే చిక్కంతా. నీళ్లూ ఎరువూ పోస్తే మాను లావెక్కుతుంది గానీ చేవ తొందరపడదు. దశాబ్దాలు ఆగిన రైతు కొట్టడానికో అనుమతి, తరలించడానికో అనుమతి, ఎగుమతికి ఇంకోటి తెచ్చుకోవాలి. నాటడం చెప్పే తరగతుల్లో ఈ కాగితాల సంగతి చెప్పేది తక్కువ. అమ్మే దారి తెలియనివాడికి తోటలో ఉన్నది ఆస్తి కాదు, దొంగల భయం.

ఇక తపసి శిక్షణ మరీ గొప్పదని మురిసిపోనక్కర్లేదు. ఉన్న చెట్టును చంపకుండా బంక తీయడం అది నేర్పింది. కొత్త చెట్టు ఎలా రావాలన్న ప్రశ్న జోలికి పెద్దగా పోలేదు. గింజలు వేయించుకు తినేస్తారు, మొలిచినవాటిలో చాలా మటుకు వేసవి కార్చిచ్చుకు కాలిపోతాయి. ఎర్రచందనం నర్సరీల్లో కుదిరిన పనితనం చెంచుల ఊళ్లయిన నల్లమల పెంటలకు చేరాలి. ముదురు చెట్లు ఎన్నాళ్లో ఉండవు. తపసి నారు పెంచే పని చెంచు ఆడవాళ్లకు అప్పగించి, బంకకు కట్టినట్టే బతికిన మొక్కకూ ధర కట్టాలి.