జరీ మెరుపు చెదరకుండా

హైదరాబాద్‌లో నాచారం అనగానే పాతతరానికి ఎన్టీఆర్ రామకృష్ణ స్టూడియో గుర్తొస్తుంది. అక్కడ పెద్దపెద్ద లైట్లు పెట్టి చేసిన పనిని ఇవాళ అదే నాచారంలో చీరల కొట్టు అమ్మాయి చీరల ఫోటోలు తీస్తూ ఫోన్‌తో చేస్తోంది. ఆ పనితనం చూస్తే ముచ్చటేస్తుంది.

ముందు మెత్తటి గుడ్డతో లెన్స్ తుడుస్తుంది. సగం మసక అక్కడే పోతుంది. ట్యూబులైటు ఆర్పేసి చీరను గుమ్మం దగ్గరికి తెస్తుంది. ఎండ నేరుగా పడకుండా, వెలుగు పక్కనుంచి వచ్చేలా పరుస్తుంది. అప్పుడే నేత పోగులు తేటగా పైకి తేలతాయి. తెరమీద జరీని వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త కిందికి లాగుతుంది. తెల్లగా పాలిపోయిన జరీకి మళ్లీ బంగారు రంగొస్తుంది! జూమ్ జోలికి పోదు, తనే ఒకడుగు ముందుకేస్తుంది. డిజిటల్ జూమ్ అంటే ఉన్న బొమ్మను కత్తిరించి సాగదీయడమే కదా.

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర 2023లో తెరిచిన స్కైవాక్ మీద ఫోన్‌తో ఫోటోలు తీసే కుర్రాళ్లదీ ఇదే సాధన. పొద్దుగుంకాక కాసేపు ఆగితే ఆకాశం నీలం, బళ్ల దీపాలు రెండూ ఒకే ఫ్రేములో ఇముడుతాయి. చీకటి చిక్కబడితే చిన్న సెన్సర్‌కు వెలుగు చాలదు, ఫోటో పడటానికి ఎక్కువసేపు పడుతుంది. అందుకే మోచేతులు రెయిలింగుకు ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తారు.