బండి పాట: కర్త, గాయకుడు

“బండెనక బండి కట్టి” యను పాట గద్దరు రచన యని తలచువారు పెక్కురు. గౌతం ఘోష్ దర్శకత్వమున 1979లో నిర్మితమైన “మా భూమి” చిత్రమున ఆయన తెరపై కనబడి దానిని పాడుటయే యీ భ్రాంతికి మూలము. పాట కట్టినవాడు బండి యాదగిరి. తెలంగాణ సాయుధ పోరాటమున నిలిచినవాడు. చిత్రము పాటను ఊరూరికి చేర్చినది గాని, కర్త పేరును మరుగుపరచినది.

ఈ పాట బలము కోపమున కన్న హేళనలో నున్నది. వెట్టి కాలమున రైతు అధికారులకు ఊరకే బండి కట్టవలసి యుండెను. ఆ బండ్లనే వరుసగా నిలిపి, వెళ్లిపోవుటకు నీకేది కావలెనని కవి ప్రభువునే యడుగుచున్నాడు. పిలుపు మాత్రము పసివానిని మందలించు పెద్దలది! ఏడవ నిజామున కింతకన్న పరాభవ మేమి? గిటారు, డ్రమ్ములు చేర్చి వేగము పెంచువారు ఈ హేళనను ముంచివేయరాదు.

మాన్వి వారికిది పొరుగువారి పాట గాదు. 1948 సెప్టెంబరు వరకు ఇచ్చటి ప్రభువును ఆ నిజామే. 1956 నవంబరు 1న గాని రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమున చేరలేదు. ఇచ్చటి తెలుగు పిల్లలు పాడునది తమ తాతల నాటి దొరను గూర్చియే. వారు వేదిక యెక్కునపుడు మొదట వినబడవలసిన పేరు యాదగిరిది.