పెరిగిన హీమోగ్లోబిన్, తగ్గని నొప్పి

ఒమన్‌లో అయిదేళ్ళలోపు పిల్లలపై జరిగిన జాతీయ సర్వేలో నూటికి ఆరుగురు సికిల్ సెల్ జన్యువు వాహకులని, వెయ్యికి ఇద్దరికి వ్యాధే ఉన్నదని తేలింది. అక్కడ కనిపించే జన్యురూపాల్లో ఒకటైన అరబ్-ఇండియన్ రకం భారతదేశపు గిరిజనుల్లోనూ ఉంది. కనుక మస్కట్‌లో జరిగే ఔషధ పరీక్ష మన మన్యానికీ సంబంధించినదే.

ఈ వ్యాధికి అయాన్ చానల్ మార్గంలో మందు వెదకడం వెనుక చక్కని తర్కం ఉంది. ఎర్రకణం లోపలికి కాల్షియం చేరితే పొటాషియం బయటికి పోతుందని హంగరీ శాస్త్రజ్ఞుడు గార్డోష్ 1958లో చూపాడు. ఆయన పేరిటి చానల్ తెరుచుకుంటే పొటాషియం వెంట నీరూ పోతుంది. కణం ముడుచుకుంటుంది, లోపలి హీమోగ్లోబిన్ చిక్కబడుతుంది. చిక్కబడినకొద్దీ అది మరింత త్వరగా పోగులుకట్టి కణాన్ని కొడవలిలా వంచుతుంది. ఆ చానల్‌ను మూసేందుకు ఐకాజెన్ సంస్థ తయారుచేసిన మందు సెనికపాక్. దానితో హీమోగ్లోబిన్ పెరిగింది, కణాలు చిట్లడం తగ్గింది. కాని రోగిని ఆసుపత్రికి చేర్చే నొప్పి విడతలు తగ్గలేదు. 2007లో మూడో దశ పరీక్షను మధ్యలోనే ఆపేశారు.

దీనిని చానల్ ఔషధాల వైఫల్యంగా మాత్రమే చూడటం పొరపాటు. ఆ పరీక్ష అడగవలసిన ప్రశ్నే అడిగింది: నొప్పి తగ్గిందా? అంతకుముందు 1995లో హైడ్రాక్సీయూరియాను నిలబెట్టినదీ ఆ ప్రశ్నే. దానితో నొప్పి విడతలు దాదాపు సగానికి తగ్గాయి.

తర్వాత వచ్చిన వోక్సెలొటార్ చానల్‌పై పనిచేసేది కాదు, హీమోగ్లోబిన్‌నే పట్టుకుంటుంది. ఒమన్‌తో కలిపి పన్నెండు దేశాల్లో జరిగిన దాని పరీక్షలో ప్రధాన కొలమానం హీమోగ్లోబిన్ పెరుగుదల. పెద్ద మోతాదు తీసుకున్నవారిలో 51 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 7 శాతం మందికి అది పెరిగింది. నొప్పి విడతల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయినా 2019 నవంబరులో అమెరికాలో సత్వర అనుమతి దక్కింది. దీర్ఘకాలిక రక్తహీనత మెదడును, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది కనుక దాన్ని తగ్గించడమే మేలు అన్నది సమర్థకుల వాదన. కొట్టిపారేయవలసిన వాదన కాదు. కాని సెనికపాక్ ఫలితం కళ్ళముందుండగా, ఇంకా రుజువుకాని వాదన. 2024 సెప్టెంబరులో, నొప్పి విడతల్లోనూ మరణాల్లోనూ కనిపించిన అసమతుల్యతను పేర్కొంటూ, ఫైజర్ ఆ మందును ప్రపంచమంతటా ఉపసంహరించింది. ఒమన్ రోగులు పాల్గొన్న పరీక్ష మీద నిలిచిన అనుమతి అయిదేళ్ళయినా నిలవలేదు.

ఇప్పుడు ఆశ మరో చానల్ మీదకు మళ్ళింది. 2025 జనవరిలో అనుమతి పొందిన సుజెట్రిజిన్, నొప్పిని మోసే నరాల్లోని సోడియం చానల్‌ను అడ్డుకుంటుంది. ఓపియాయిడ్ కాకపోవడం నిజంగా గొప్ప ఊరటే. అయితే ఆ అనుమతికి ఆధారమైన ప్రధాన పరీక్షలు పొట్ట కొవ్వు, కాలి బొటనవేలి ఎముక శస్త్రచికిత్సలు చేయించుకున్నవారి మీద జరిగినవి. కొడవలి కణాలతో రక్తనాళం మూసుకుపోయిన రోగి నొప్పిని అవి కొలవలేదు.